గోడ మీది గవాస్కర్

మా వాడికి పదేళ్ళు. ఐపీఎల్ కార్డులు పోగేస్తుంటాడు. పోయిన ఆదివారం వాటినన్నిటినీ మంచం మీద పరిచి, తలగడ వైపు గోడకి అంటించుకుంటానన్నాడు. డబుల్ సైడ్ టేపు తుంచబోతూ ఆగి, "నాన్నా, టేపు వేస్తే దీని విలువ తగ్గిపోతుందా?" అని అడిగాడు.

"తగ్గుతుంది" అన్నాను. మెరిసేవి ఫైల్లో పెట్టుకుని మామూలువి అంటించుకోమని సలహా కూడా ఇచ్చాను. వాడు టేపు పక్కన పెట్టేశాడు. మెరిసేవీ అంటించలేదు, మామూలువీ అంటించలేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆ జవాబు వారం రోజులుగా నన్ను తొలుస్తోంది.

వాడి దగ్గరున్న వాటిలో ఖరీదైన కార్డంటూ ఏదీ లేదు. మరి ఈ విలువ గొడవ ఎక్కడిది? అమెరికాలో మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయిందని ఫోన్లో చూశాడట. జాగ్రత్త చేసుకున్నవాడే బాగుపడతాడని మనం ఉగ్గుపాలతో నేర్పుతాం కదా, అందుకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కానీ ఆ కార్డుకి అంత ధర ఎందుకొచ్చిందో చూడండి. అది 1952 నాటి టాప్స్ కంపెనీ కార్డు. అమ్ముడుపోక మిగిలిన ఆ ఏటి పెట్టెల్ని ఆ కంపెనీలోనే పనిచేసిన సై బెర్గర్ 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. పిల్లల చేతుల్లో ఉన్నవేమో ఆటల్లో నలిగాయి, సైకిల్ చక్రాల పుల్లల మధ్య టపటపలాడి చిరిగాయి, అమ్మలు చెత్తలో ఊడ్చేశారు. అంతమంది వాడి పారేస్తేనే ఒక్కడు దాచిందానికి ధర వచ్చింది. 1980ల చివర్లో రేపు ధర పలుకుతుందని అందరూ దాచడం మొదలుపెట్టారు, కంపెనీలూ గుట్టలుగా అచ్చేశాయి. ఆనాటి కార్డుల్లో చాలావాటికి ఇవాళ పెట్టిన డబ్బు కూడా రాదు. కాబట్టి మా వాడు హాయిగా అంటించుకోవచ్చు.

ఈ వాదనలో తప్పేమీ కనబడటం లేదు. అయినా మనసు కుదుటపడలేదు. ఎందుకంటే ఇదీ ధర గురించిన వాదనే.

మా చిన్నతనంలో ఇలాంటి లెక్కలు లేవని రాయబోయాను. అదీ నిజం కాదు. 1987లో మేం తెనాలిలో ఉన్నాం. నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పన్నెండు. బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో పాటు క్రికెటర్ల కార్డు వచ్చేది. ముందు బొమ్మ, వెనక పరుగులు. పరుగులన్నీ కూడబెట్టి కొట్లో ఇస్తే, గబగబా తిప్పితే బ్యాట్స్‌మన్ కదిలే చిన్న పుస్తకం ఇచ్చేవారు. కార్డు చేతికి రాగానే నేను ముందు వెనక వైపే తిప్పేవాణ్ణి.

ఆ నవంబరు 5న బొంబాయిలో ప్రపంచ కప్పు సెమీఫైనల్. అవతలి జట్టు బ్యాట్స్‌మన్ గూచ్ స్వీపుల మీద స్వీపులు కొట్టి 115 చేశాడు. మనవాళ్ళు 35 పరుగుల తేడాతో ఓడిపోయారు. గవాస్కర్ నాలుగు పరుగులకే బౌల్డయ్యాడు. అదే ఆయన ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. మా రేకు డబ్బాలో ఆయన కార్డు ఒకటి ఉంది. దాని వెనక ఆరు. ఆ ఆరుతో మాకు పుస్తకం వచ్చేస్తుంది.

ఆ రాత్రి అన్నయ్య కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి, వేళ్ళతో మెత్తగా నలిపి, కార్డు వెనక సరిగ్గా ఆ అంకె మీద పూశాడు. గోడ సున్నం రాలుతుందని తడిగుడ్డతో తుడిచి మరీ అంటించాడు. "ఈయన్ని కొట్లో ఇవ్వను" అన్నాడు, అంతే. నేను గుక్కపట్టి ఏడ్చాను. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

కార్డు ఆ గోడ మీద ఏళ్ళకేళ్ళు ఉంది. ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోయి గవాస్కర్ ముఖం నీలంగా తేలింది. సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు "ఆ బొమ్మ చుట్టూ వెయ్యి నాయనా" అని అమ్మ చెప్పేది. పూత మీద పూత పడి, ఆ కార్డు చిన్న గూట్లో కూర్చున్నట్టు ఉండేది. ఇల్లు పడగొట్టినప్పుడు గోడతో పాటే పోయింది.

అన్నయ్యది ప్రేమ, నాది లెక్క అని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. ఆ చిన్న పుస్తకం కోసం నేను పడ్డ ఆరాటం కూడా ప్రేమే. ఇవాళ ఎవరైనా ఆ కార్డు తెచ్చిస్తే నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తాను. గోడకి చచ్చినా అంటించను. కాబట్టి దాచడం తప్పనీ అనలేను.

తేడా ఒక్కచోట కనబడుతోంది. అన్నయ్య ఎవర్నీ అడగలేదు. మా వాడు అడిగాడు. తన గోడకి తన కార్డు అంటించుకోవడానికి పదేళ్ళవాడు ముందు నష్టం ఎంతో అడిగాడంటే, ఈ ఇంట్లో అన్నిటికంటే ముందు వాడి చెవిన పడుతున్నది ఆ మాటే. కొత్త బూట్లేసుకుంటే మాసిపోతాయంటాను. బొమ్మలు గీస్తుంటే పరీక్షలకి పనికొస్తుందా అంటాను. ఫోన్లో చూసిన కోట్ల కబురు నిన్నటిది. నా మాటలు పదేళ్ళవి.

ఈ ఆదివారం టేపు నేనే తీసుకెళ్ళాను. "విలువ తగ్గుతుంది. అయినా అంటిద్దాం రా" అన్నాను. వాడు కాసేపు నా ముఖంలోకి చూసి, మూల నలిగిన ఒక బౌలర్ కార్డు తీశాడు. "ఈయనదీ నాలాగే ఎడమచేతి వాటం" అన్నాడు. కిటికీ పక్కన పెడతానన్నాడు. అక్కడ పొద్దుటెండ పడుతుంది, రంగు వెలిసిపోతుందని చెప్పాను. అక్కడే కావాలన్నాడు.

అక్కడే అంటించాం.