ఎవరి వంతు ఎంత?

పాడేరు ఏజెన్సీలో మా ఊరి మళ్లకు గెడ్డ నీళ్లు వంతుల మీద పారతాయి. పై మడివాడు గట్టు కట్టి నీళ్లన్నీ ఆపుకుంటే ఊరు ఊరుకోదు. బడి దగ్గరి వైఫైకి మాత్రం మేం ఏ వంతూ అనుకోలేదు.

గురుకులం దరఖాస్తుకు ఆఖరి సాయంత్రం. మా ఊరి పిల్ల ఒకతె బడి అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు నొక్కినా పేజీ సగంలో ఆగిపోయింది. పక్కనే మేం నలుగురం సినిమాలు దించుకుంటున్నాం. గడువు దాటిపోయింది.

లైను 2 ఎంబీపీఎస్. ఐదుగురికీ సమానంగా తలా 0.4 వచ్చినా, ఒక ఎంబీ పేజీ 20 సెకన్లలో తెరుచుకునేది. కానీ మా రౌటరు మనుషుల్ని లెక్కపెట్టదు. సినిమా దించే యాప్ ఒకేసారి పది కనెక్షన్లు తెరుస్తుంది. బావి దగ్గర ఒకడే పది బిందెలు వరసలో పెట్టినట్టు. మేం ఆ బిందెలు పెట్టామని మాకే తెలియదు. తెలియకపోవడం తప్పును తగ్గిస్తుందేమో గానీ, ఆ పిల్లకు సీటు తేదు.

ఫోనుకింత అని హద్దు పెట్టాం. రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు మిగతా లైను వృథా. అందుకే ఇప్పుడు కొంచెమే కావలసినవాళ్లకు ముందు పూర్తిగా ఇచ్చి, మిగిలింది తక్కినవాళ్లం పంచుకుంటున్నాం.

అయినా ఒక చిక్కుంది. మూడు ఫోన్లున్న ఇంటికి మూడు వాటాలు, ఫోను లేని ఇంటికి సున్నా. మా పెద్దలు వేట మాంసం పంచితే, వేటకు రాలేని ముసలమ్మ ఇంటికీ వాటా వెళ్లేది. ఆ ఇళ్ల కోసం బడి ఫోను ఒకటి అరుగు మీద పెట్టాం. అది ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకా తేలలేదు.