పాతను నిలుపుకోవడం – పాతను పూజించడం

పాతదాన్ని నిలుపుకోవాలనుకోవడం అభివృద్ధి నిరోధకమా? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథంలోనూ ఎదురుకాలేదు. అశోక్‌నగర్‌లో మా ఇంటి ముందు నిలిపివున్న ప్రీమియర్ పద్మిని కారు తలుపు దగ్గర ఎదురయింది. అడిగినవాడు నా పూర్వ విద్యార్థి. నాలుగేళ్లుగా గ్రూపు పరీక్షలకు చదువుతూ, మా సందులోనే ఒక గదిలో మరి ముగ్గురితో సర్దుకుని వుంటున్నాడు. పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గడుపుతాడు. "సార్, మార్పు గురించి మాకు పాఠం చెప్పింది మీరే. ఇప్పుడు మీరే ఈ పాత డబ్బాకు రబ్బర్లు ఏయిస్తున్నరు. గా పైసలతోని నాకు రెండు నెల్ల కిరాయి ఎల్తది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, నవ్వి తీసెయ్యదగిన మాట కాదది.

కారు మా నాన్నగారిది. ఇటలీ వారి ఫియట్ 1100 నమూనాను బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ 1964 నుంచి డిలైట్ పేరుతో తయారుచేసింది. దానికే తర్వాత పద్మిని అనే పేరు వచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో తయారీ ఆగిపోయింది. 2023 అక్టోబరుతో బొంబాయి టాక్సీగా కూడా దాని కథ ముగిసింది. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేని మా అమ్మకు మాత్రం అది ఇప్పటికీ పనికివస్తున్నది.

తలుపు అద్దం నడిచే గాడిలోనూ, అది తలుపులోకి దిగేచోట అంచు మీదా రబ్బరు పట్టీలుంటాయి. మెకానిక్కులు బీడింగు అంటారు. మా కారులో అవి గట్టిపడి, నెర్రెలు విచ్చి, అద్దానికి ఆనడం మానేశాయి. వాన వెలిసిన గంటకు తలుపు ఊపినా లోపల నీళ్ల చప్పుడు వినిపించేది. అడుగు రేకు తుప్పు పట్టసాగింది.

నేను చేసిన మొదటి పని "అసలు" రబ్బరు కోసం వెతకడం. పాత విడిభాగాలు దాచి అమ్మే ఒకాయన దగ్గర కంపెనీ ముద్రతో, పెట్టె విప్పని పట్టీలు దొరికాయి. కొత్తవాటికి మూడింతల ధర. బేరమాడకుండా కొన్నాను. నారాయణగూడ సందులోని మెకానిక్కు, అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన, ఆ పట్టీని వేళ్లమధ్య వంచి చూశాడు. వంచినచోటల్లా పగిలింది. "డబ్బల వుండి గూడ ముసలిదైంది సార్" అన్నాడు.

ఆయన మాట రసాయనశాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. సహజ రబ్బరు అణువుల పొడుగాటి గొలుసుల్లో జంట బంధాలుంటాయి. గాలిలోని ఓజోను వాటిని తెంచుతుంది. ఎండా వేడీ ఆ పనిని తొందరపెడతాయి. నేడు కార్ల తలుపులకు వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ప్రధాన గొలుసులో జంట బంధాలు లేవు కాబట్టి అది ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. అనగా ఇక్కడ అసలుకన్నా కొత్తదే నాణ్యమైనది. నేను ధర చెల్లించింది రబ్బరుకు కాదు, దానిమీది ముద్రకు.

రెండో తప్పు ఇంకా పెద్దది. నీళ్లు కిందనుంచి ఎక్కుతున్నాయనుకుని, నిరుడు తలుపు అడుగునవున్న చిన్న రంధ్రాలను నేనే సీలెంటుతో మూసివేశాను. ఉస్తాద్ లోపలి రెక్సిను అట్ట విప్పి చూసి తల పట్టుకున్నాడు. "నీళ్లు వస్తయ్ సార్, మొత్తానికే రాకుండ ఎవ్వడు జెయ్యలేడు. వచ్చినయి పోవాలె. మీరు పొయ్యే తొవ్వ మూసిన్రు." కాపాడాలనే ఆతురతతోనే నేను ఆ తలుపును కుళ్లబెట్టాను.

తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ని గనుక నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొచ్చారు. 1911లో మద్రాసులో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికాన్ని కాపాడటానికి నడుం కట్టింది. గిడుగువారు పాత సాహిత్యాన్ని తోసిపుచ్చలేదు. శాసనాలనూ కావ్యాలనూ శ్రద్ధగా చదివి, గ్రాంథికవాదులైన పండితులే దాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని చూపించారు. భాష బతకాలంటే గట్టిపడిన రూపాలు పోవాలన్నారు. పాతదానిమీద ప్రేమ ఎవరికి ఎక్కువ? అరిగిన పట్టీని మార్చినవారికా, రంధ్రాలు మూసినవారికా?

ఇంతవరకు వాదన నాకు అనుకూలంగానే వుంది. కాని పని మొదలయ్యాక నా అసలు రంగు బయటపడింది. నాలుగు తలుపులకు రెండు రోజుల కూలీ అడిగాడు ఉస్తాద్. రబ్బరు దూర్చడానికి రెండు రోజులా అన్నాను. ఆయన వాదించలేదు. గాడిలోని తుప్పు గరుకు కాగితంతో గీకి, రంగు పూసి, ఆరనిచ్చాడు. ఒక పట్టీ రెండు వేళ్లంత తక్కువైతే సాగదీసి బిగించమన్నాను. "సాగదీస్తే ఇయ్యాల సరిపోతది. రేపు ముడుసుకుంటది, మూలకు సందు వడ్తది" అని కుర్రవాణ్ని రాణీగంజ్‌కు పంపి ఇంకొక పట్టీ తెప్పించాడు. చచ్చిన రబ్బరుకు మూడింతలిచ్చినప్పుడు నోరెత్తని నేను, బతికిన చేతుల దగ్గర బేరానికి దిగాను. పూజకూ నిలుపుకోవడానికీ తేడా నాకిక్కడ తెలిసింది. పూజించేవాడు ముద్రను చూస్తాడు. నిలుపుకునేవాడు ఉపయోగాన్నీ, దాన్ని నిలబెట్టే శ్రమనూ చూస్తాడు. మొదటిది అభివృద్ధి నిరోధకం, రెండోది కాదు. అడిగిన కూలీ మొత్తం ఇచ్చాను. అది ఔదార్యం కాదు, బాకీ.

అయితే మరమ్మత్తుకూ హద్దుంది. తలుపు రేకు తుప్పుపడితే అతుకు వేయవచ్చు. కారు అడుగు చట్రమే కుళ్లితే ఎంత మంచి రబ్బరూ దాన్ని నిలబెట్టలేదు. అప్పుడు విప్పి కొత్తది కట్టుకోవడమే నిజాయితీ.

ఉస్తాద్ పట్టీ ఎక్కిస్తుంటే అద్దం పట్టుకుని నిలబడినవాడు నా విద్యార్థే. నేను పారేసిన పట్టీ ముక్కను తీసుకుని వంచి చూస్తూ, "వాడకుండ డబ్బల వెట్టినా ముసలిదైతదంట గదా సార్. నా నాలుగేండ్లు గూడ గంతేనా?" అన్నాడు. కిరాయి మాట అన్నప్పటిలా ఈసారి నవ్వలేదు.

కాదని వెంటనే అనలేకపోయాను. ఆ గ్రంథాలయపు బల్లల దగ్గరా, మా అశోక్‌నగర్ గదుల్లోనూ చేవగల చేతులెన్నో పెట్టె విప్పకుండా కూర్చున్నాయి. నోటిఫికేషను కోసం, ఫలితం కోసం, కోర్టు తీర్పు కోసం ఎదురుచూస్తున్నాయి. ఇది పట్టీ అరిగిన లోపమా, చట్రం కుళ్లిన లోపమా? నా కారు విషయంలో ఉస్తాద్ రెక్సిను అట్ట విప్పి చూసి తేల్చాడు. ఈ విషయంలో విప్పి చూడవలసినవాళ్లం చదువు చెప్పేవాళ్లమూ, చదువుకునేవాళ్లమూ. ఇన్నాళ్లూ నేను విద్యార్థులకు ఓపిక పట్టమనే చెప్పాను. అది రంధ్రాలు మూసే పనేనని ఇప్పుడు తోస్తున్నది.