ఎవరూ నేర్పని దారి

పుట్టిన గంటకే దూడ తల్లి పొదుగు ఎందుకు వెతుక్కుంటుంది? న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో గౌతముడు ఎత్తుకున్న ప్రశ్న ఇలాంటిదే. పాలు తాగితే ఆకలి తీరుతుందన్నది అనుభవం మీద తెలిసే సంగతి. ఈ జన్మలో ఆ అనుభవం ఇంకా కలగలేదు. కాబట్టి వెనకటి జన్మలో కలిగి ఉండాలి, ఆ జన్మకూ ఈ జన్మకూ నడుమ ఆత్మ ఒకటి నిలిచి ఉండాలి అని ఆయన తేల్చాడు. ప్రతివాది ఊరుకోడు. ఇనుము అయస్కాంతం వైపు పోతుంది కదా, దానికీ పూర్వజన్మ ఉందా అంటాడు. నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లలు ప్రతివాది పక్షమే చేరేవారు. రిటైరై కాకినాడలో కొడుకు దగ్గర ఉంటున్న ఈ రోజుల్లో ఆ వాదం మళ్లీ నా ముందుకొచ్చింది, ఈసారి పిట్టల వల్ల.

మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తుంటే, కుంభాభిషేకం రేవు దగ్గర ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గి బురద నేల బయటపడుతుంది. దాని మీద ఉల్లంకి పిట్టలు గుంపులుగా వాలతాయి. మనవడి బైనాక్యులర్స్ పట్టుకుని నేను గుంపును వదిలేసి ఒక్క పిట్టనే చూస్తాను. కర్ల్యూ శాండ్‌పైపర్ అని వాడే పేరు చెప్పాడు. మామూలు రోజుల్లో 60 గ్రాములకు అటూ ఇటూ తూగే ప్రాణి. నల్లటి పొడుగు ముక్కు, కొన దగ్గర కాస్త కిందికి వంపు. కుట్టుమిషను సూదిలా ఆ ముక్కు బురదలో దిగుతూ లేస్తూనే ఉంటుంది. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న ఒంటి మీద ఇప్పుడు ఇటుక రంగు ఈకలు తొంగిచూస్తున్నాయి. ముందు మెడ కింద నాలుగు, తర్వాత రొమ్ము మీద అక్కడక్కడ. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, "ఇంకెన్నాళ్లో ఉండవండి అమ్మగారూ, ఒళ్లు చేసేసినాయి" అన్నారు. నిజమే. దూరప్రయాణానికి ముందు అవి కడుపారా తిని కొవ్వు కూడబెట్టుకుంటాయి. దారిలో అదే వాటికి చద్ది.

ఇవి పుట్టేది సైబీరియా ఉత్తర కొసన, తైమిర్ లాంటి చోట్ల, చెట్టు మొలవని టండ్రాలో. జతకట్టాక మగది ఎక్కువ రోజులు ఉండదు, దక్షిణానికి బయల్దేరుతుంది. ఆడది ఒక్కతే గుడ్లు పొదిగి, పిల్లలను సాకి, వాటికి రెక్కలొచ్చే వేళకు తనూ వెళ్లిపోతుంది. వేసవి చివర అక్కడ మిగిలేది ఆ ఏటి పిల్లలే. దారి చూపే తల్లి లేదు, తండ్రి లేడు. ఎన్నడూ చూడని సముద్రాల వైపు అవి లేస్తాయి, వేల కిలోమీటర్లు ఎగిరి వెచ్చని తీరాలకు చేరతాయి. గౌతముడి దూడకు పొదుగు పక్కనే ఉంది. ఈ పిల్లలకు భూగోళంలో సగం అడ్డం.

చిత్రమేమిటంటే, ప్రతివాది చెప్పిన అయస్కాంతం ఇక్కడ నిజంగానే ఉంది. 1960లలో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ విల్ష్కో యూరోపియన్ రాబిన్ అనే వలసపిట్టలను పంజరంలో ఉంచి, చుట్టూ తీగచుట్టలతో అయస్కాంత దిశను మార్చి చూశాడు. పిట్టలు వెళ్లాలనుకున్న దిక్కూ దానితోపాటే మారింది. మా మనవడు ఇది చదివి, "నాన్నమ్మా, మీ ప్రతివాదే గెలిచాడు" అన్నాడు.

గెలవలేదని నా తీర్పు. అయస్కాంతం దిక్కు చెబుతుంది, అంతే. బయల్దేరాలన్న తపన దానిలోంచి రాదు. మొన్నటి పుష్యమాసంలోనూ భూమికి ఆ శక్తి ఉంది, పిట్ట మాత్రం బురద వదల్లేదు. ఇనుముకు రుతువు లేదు, ముందుగా తిని ఒళ్లు చేసుకోవడం లేదు. ఆ తపన ఎక్కడిదంటే గుడ్డులోంచి వచ్చిందని, వేల తరాల పిట్టలు ఎగిరి బతకగా మిగిలిన వారసత్వమని జీవశాస్త్రం చెబుతుంది. అంటే వెనకటి జన్మలు ఉన్నాయన్నమాటే. కాకపోతే అవి ఆ పిట్టవి కావు, దాని ముందువాళ్లవి. గౌతముడు చెప్పినదాంట్లో గతం ఉందన్న సగానికి నేను నమస్కరిస్తాను. అది నాదే అన్న మిగతా సగం దగ్గర ఆగిపోతాను.

ఎందుకు ఆగుతానో మా వంటింటి కిటికీ చెబుతుంది. రెక్క వెనక ఒక కందిరీగ మట్టిగూడు కట్టింది. ఉగాదికి ఇల్లు దులుపుతూ కోడలు, "అత్తయ్యా, గీకేయనా?" అంది. ఉండనీ అమ్మా అన్నాను. కందిరీగ ఒక పచ్చపురుగును కుట్టి, కదలకుండా చేసి, లోపల పెట్టి మూత మెత్తేసి పోతుంది. కొన్నాళ్లకు ఆ మట్టికి కన్నం పడి కొత్త కందిరీగ వస్తుంది. పురుగే తదేకధ్యానంతో కందిరీగ అయిందని మన పెద్దలు భ్రమరకీట న్యాయం చెప్పారు. జరిగేది వేరు. లోపల పెట్టిన గుడ్డు పిల్లై, ఆ పురుగును బతికుండగానే తింటుంది. తల్లి ముఖం చూడని ఆ పిల్ల పెద్దదై మళ్లీ అలాంటి గూడే కడుతుంది. నేర్పని విద్య ఇక్కడా ఉంది. కానీ ఆ పురుగు? పూర్వజన్మలో చేసుకున్నది అనుభవిస్తోందనే మాట నా నోట రాదు. బాధపడేవాళ్లనే దోషులుగా నిలబెట్టే సమాధానం ఎంత పాతదైనా నాకు వద్దు.

పుట్టేవాడు రుషులకు, దేవతలకు, పితరులకు రుణపడి పుడతాడని తైత్తిరీయ సంహిత అంటుంది. అక్కడ ఆ మాట బ్రాహ్మణుడి గురించి. నేను దాన్ని ప్రాణులన్నిటికీ చదువుకుంటాను. మనకు వచ్చిన తెలివిలో మనం సంపాదించింది తక్కువ, అందుకున్నది ఎక్కువ. అది కర్మఫలమైతే నా ఖాతాలో పుణ్యం. రుణమైతే తీర్చాలి, అదీ వెనకటివాళ్లకు కాదు, రాబోయేవాళ్లకు. ఈ వయసులో నాకు కర్మసిద్ధాంతం కంటే రుణభావనే ఎక్కువ ధర్మంగా కనిపిస్తోంది.

కాబట్టి తీరంలో ఉండేవాళ్లకు ఒక మనవి. పిట్టలు మేసే బురద నేలను ఖాళీ స్థలమనుకుని చెత్తతో, రాళ్లూరప్పలతో పూడ్చకండి. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో అక్కడికి బైకులు తీసుకెళ్లకండి, కుక్కలను వదలకండి. బెదిరి లేచిన ప్రతిసారీ, ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కొంత కరిగిపోతుంది. చూడాలనుంటే ఆటు వేళ వెళ్లి దూరంగా నిలబడండి. మేత మాని తలలెత్తాయంటే, ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.