ఎవరి నెత్తురు, ఎవరి లెక్క

ఒక మనిషి ఒంట్లో ఏ జబ్బుందో ఆ మనిషికి చెప్పకుండా, అదే మనిషి నెత్తురుతో దేశంలో ఆ జబ్బు ఎంతుందో తెలుసుకోవచ్చా? ఇదేదో తత్వశాస్త్రం క్లాసులో కల్పించిన చిక్కు ప్రశ్న కాదు. హెచ్ఐవీ విషయంలో మన దేశం ఏళ్ళ తరబడి చేసిన పనే ఇది. దురుద్దేశంతో కాదు, బాగా ఆలోచించే చేసింది. అందుకే ఈ ప్రశ్న అంత తేలిగ్గా తెగదు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర పీజీ చదువుతున్న నిర్మల కలిసి దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు బయటపెట్టారు. 1992లో నాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ఏర్పడింది. జబ్బు ఎక్కడెక్కడికి పాకుతోందో తెలియాలి. దేశంలో అందరికీ పరీక్షలు చెయ్యడం కుదరదు. అందుకని 1998 నుంచి ఒక పద్ధతి ప్రకారం కొన్ని ఆసుపత్రుల్ని ఎంచుకుని, అక్కడికొచ్చేవాళ్ళ నెత్తురు చూడటం మొదలుపెట్టారు. దీన్నే సెంటినల్ సర్వైలెన్స్ అంటారు, కాపలా గుడిసెల్లాంటివన్నమాట. సుఖవ్యాధుల క్లినిక్కులు కొన్ని, గర్భిణీలని చూసే క్లినిక్కులు కొన్ని. గర్భిణీలే ఎందుకంటే, మామూలు సంసారాల్లోకి జబ్బు ఎంత వచ్చిందో వాళ్ళని చూస్తే తెలుస్తుందని.

గర్భిణీల దగ్గర జరిగేది ఇదీ. సిఫిలిస్ పరీక్ష కోసం ఎలాగూ నెత్తురు తీస్తారు. ఆ పరీక్ష అయ్యాక సీసాలో కాస్త మిగులుతుంది. దాని మీద పేరు తీసేసి, వయసూ ఊరూ లాంటి నాలుగు వివరాలు మాత్రం ఉంచి, హెచ్ఐవీకి పరీక్ష చేస్తారు. ఒక్కో క్లినిక్ నుంచి వరసగా 400 మందివి. నాలుగు వందల్లో నాలుగు పాజిటివ్ వస్తే ఒక శాతం అని రాసుకుంటారు. ఆ నలుగురూ ఎవరో ల్యాబుకి తెలీదు, డాక్టరుకి తెలీదు. తమకి ఆ పరీక్ష జరిగిందని ఆ నలుగురికీ తెలీదు.

దీన్ని సమర్థించేవాళ్ళ వాదన గట్టిది. అడిగి చేస్తే, అనుమానం ఉన్నవాళ్ళే ముందు వద్దంటారు. అప్పుడు లెక్క తప్పుతుంది. పైగా తొంభైల్లో మనదగ్గర సామాన్యుడికి అందే మందు లేదు. చెప్పి ఏం చేస్తారు? పేరుంటే ఆ పేరు బయటికి పొక్కుతుంది కూడా. 1998లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన 'ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్' కేసు గుర్తుచేసుకోండి. ఆసుపత్రి ఒకాయన హెచ్ఐవీ సంగతి బయటపెట్టింది, పెళ్ళి ఆగిపోయింది. ఆసుపత్రి తప్పేం లేదన్న కోర్టు, అలాంటి వ్యక్తి పెళ్ళి హక్కు తాత్కాలికంగా ఆగిపోయినట్టేనని కూడా అంది. ఆ పెళ్ళి హక్కు మాటలు ఆ కేసుకి అవసరం లేనివని 2002లో తనే చెప్పాల్సొచ్చింది. అలాంటి కాలంలో పేరు లేకపోవడమే ఒక రక్షణ.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి ఈ వాదన నాకు బాగా ఎక్కుతుంది. కస్టమర్ డేటాని టెస్టింగ్‌కి ఇచ్చేముందు పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేస్తాం. మాస్కింగ్ అంటాం దాన్ని. మంచి అలవాటే. కానీ మా టేబుల్లో పేరు చెరిపేసిన వరసకి జబ్బు చెయ్యదు. ఆ వరస ఇంటికెళ్ళి బిడ్డకి పాలివ్వదు.

మందు వచ్చాక ప్రశ్న మారిపోయింది. గర్భిణీకి ఏజెడ్‌టీ ఇస్తే బిడ్డకి హెచ్ఐవీ సోకే అవకాశం దాదాపు మూడింట రెండొంతులు తగ్గుతుందని 1994లో తేలింది. అప్పటిదాకా అమెరికాలో కూడా పుట్టిన పిల్లల నెత్తుటి చుక్కల్ని పేర్లు లేకుండా పరీక్షించేవాళ్ళు. తల్లికి చెప్పగలిగిన మాట ఒకటి చేతికొచ్చాక చెప్పకుండా ఉండటం ఏం న్యాయమని గొడవ లేచింది. 1995లో ఆ సర్వే ఆపేశారు. మనకి బిడ్డకి సోకకుండా ఇచ్చే నెవిరపిన్ 2000 తర్వాత వచ్చింది. ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. పేరు లేని పరీక్షలు మాత్రం ఆ తర్వాత కూడా సాగాయి.

తెలుసుకోవాలనుకునేవాళ్ళకి పక్కగదిలో పరీక్షా కేంద్రం ఉందిగా అని జవాబు. ఉంది. కానీ ఆ గదికి వెళ్ళాలంటే ముందు అనుమానం రావాలి. భర్త తప్ప వేరే మనిషి తెలియని ఇల్లాలికి ఆ అనుమానం ఎందుకొస్తుంది? ఆమెని ఎంచుకున్నదే మామూలు సంసారాలకి ప్రతినిధి అని కదా.

సరే, కనీసం లెక్కైనా సరిగ్గా వచ్చిందా? దీనికి జవాబు మా ఇంటికి దగ్గర్లోనే తయారైంది. నేనుండేది అమీర్‌పేట. పంజాగుట్ట దాటి, సోమాజిగూడ మీదుగా రాజ్‌భవన్ రోడ్డులో వెళితే బెల్లా విస్టా అనే పాత భవనం వస్తుంది. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉండేది అందులోనే. అక్కడి లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఊళ్ళ వెంటా పేటల వెంటా తిరిగి, ఒప్పుకున్న పన్నెండు వేల పైచిలుకు మంది దగ్గర నెత్తుటి చుక్కలు సేకరించి పరీక్షించింది. 2006 డిసెంబరులో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రభుత్వ పద్ధతిలో లెక్కేస్తే ఆ జిల్లాలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు లక్షా పన్నెండు వేల దాకా తేలుతున్నారు. ఇళ్ళకెళ్ళి చూస్తే సుమారు 46 వేలు. రెండున్నర రెట్ల తేడా!

ఎందుకంత తేడా? వాళ్ళు చూపిన కారణాల్లో నన్ను ఆపేసినవి రెండు. ఒకటి, సర్కారు దవాఖానాకి ఎక్కువగా వచ్చేది పేదవాళ్ళు. వాళ్ళ శాతాన్ని అందరికీ అంటగట్టారు. రెండోది ఇంకా చేదుగా ఉంటుంది. హెచ్ఐవీ ఉందని తెలిసినా, అనుమానం వచ్చినా ప్రైవేటు డాక్టర్లు ఆ పేషెంటుని "పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని పంపించేస్తున్నారు. అలా పంపించినవాళ్ళంతా చేరేది కాపలా గుడిసె ఉన్నచోటికే. తలుపు వేసేసిన పాపం ప్రైవేటు ఆసుపత్రులది, అది శాతంగా మారి కూర్చున్నది జిల్లా నెత్తిన. వివక్ష అంకెల్లోకి ఎక్కితే వివక్షలా కనిపించదు, జబ్బులా కనిపిస్తుంది.

అమీర్‌పేటలో ఏ డేటా సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నా మొదటివారంలోనే చెప్పే పాఠం, శాంపిల్ వంకరగా ఉంటే మోడల్ వంకరగా వస్తుందని. అదే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడవండి, దారిపొడుగునా డయాగ్నోస్టిక్ సెంటర్లు. డబ్బు కట్టి ఇచ్చిన నెత్తురు మనది, రిపోర్టు సాయంత్రానికి మన ఫోనుకే వస్తుంది. ఆసుపత్రి చీటీ పట్టుకుని లైన్లో నిలబడి ఇచ్చిన నెత్తురు మాత్రం మిగిలితే దేశానిది. ఆ తేడా గమనించకపోవడం నైతికంగా లోపం అనుకుంటాం. గుంటూరు చూపించింది, అది గణితంలో కూడా లోపమేనని. కాదనలేనివాళ్ళనే లెక్కపెట్టాం కాబట్టి వాళ్ళకి అన్యాయం జరిగింది. వాళ్ళనే లెక్కపెట్టాం కాబట్టి లెక్కా తప్పింది. రెంటికీ వేరు ఒకటే.

2006లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం మన దేశంలో 57 లక్షల మందికి హెచ్ఐవీ ఉందని, దక్షిణాఫ్రికాని దాటేశామని చెప్పింది. ఇంటింటికీ వెళ్ళిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లక్షమందికి పైగా పరీక్షలు చేశాక, 2007 జులైలో ఆ అంకె 25 లక్షలకి దిగింది. ఒక్కరికీ నయం కాలేదు, సగానికి పైగా జబ్బు కాగితం మీంచి మాయమైంది. పెద్ద అంకె వల్ల మేలే జరిగింది కదా, భయపడి డబ్బులు పెట్టారు, కండోములు పంచారు, మందులొచ్చాయి అనేవాళ్ళున్నారు. ఆ మేలు అబద్ధం కాదు. కానీ ఆ పెద్ద అంకెకి కిస్తీలు కట్టినవాళ్ళూ ఉన్నారు. హైవే మీద లారీ డ్రైవరూ, ఒళ్ళమ్ముకుని బతికే ఆడమనిషీ, ఆసుపత్రి మెట్లెక్కిన ప్రతి బీదరాలూ అనుమానపు చూపుల రూపంలో కట్టారు.

అయితే ఈ జాడ తీసే పనే మానేద్దామా? వద్దు. లెక్కే లేకపోతే మందు ఎక్కడికి పంపాలో తెలీదు. ఆ నష్టం కూడా ముందు తగిలేది ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకే. నేననేది, నెత్తురు తీసుకున్నాక ఒక బాకీ మిగులుతుందని. లెక్క కోసం మన నెత్తురూ వాళ్ళ నెత్తురూ ఒక్కలాగే తీసుకోవాలి. చెప్పగలిగిన మాట ఉన్నప్పుడు, వినాలనుకున్నవాళ్ళకి చెప్పాలి. పేరు రాయకపోవడం వల్ల గోప్యత దక్కుతుంది, నిజమే. కానీ గోప్యత దక్కినంత మాత్రాన బాకీ తీరిపోదు.

2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం పరీక్షకి మనిషి అంగీకారం కావాలంటుంది. పేర్లు లేని సర్వేలకి మాత్రం ఆ నియమం లేదు. దాని కిందే ఒక చిన్న షరతు ఉంది: ఆ సర్వే ఎందుకో అందులో ఉన్నవాళ్ళకి తెలియజెయ్యాలి. చట్టం మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించే వాక్యం అదే. గోడమీద పోస్టరు అంటించినా "తెలియజేశాం" అనొచ్చు, అర్థమయ్యే తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడినా అనొచ్చు. తేడా కనిపెట్టడానికి పెద్ద ఆడిట్ అక్కర్లేదు. నెత్తురిచ్చి గదిలోంచి బయటికొచ్చిన ఆవిణ్ణి "నెత్తురు దేనికి తీశారమ్మా?" అని అడిగితే, తన మాటల్లో తను చెప్పగలగాలి. చెప్పలేకపోతే, ఎన్ని దశాంశాల దాకా లెక్కేసినా మనకి తెలిసింది తక్కువే.