చెట్టెక్కే మనవడికి

నాయనా, చింతకాయ దులపడానికి, కొమ్మలు కొట్టడానికి గుత్తదారు వెంట పోతున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. ఉమ్మడి అనంతపురంలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అదీ మొహం చాటేసిన ఏడు చేలో పని ఉండదు, చెట్టు మీద మాత్రం ఉంటుంది. గొర్రెలకు మండలు కావాలి, కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టాలి, మాఘం దాటితే హిందూపురం మార్కెట్టుకు చింతపండు చేరాలి.

చెట్టు మీంచి పడినోళ్లను చాలామందినే చూశాను. చేతగానోడు పడేది తక్కువ, వాడికి భయముంటుంది. పడేది పనోడే, అదీ పొద్దు వాలేవేళ, ఇంకొక్క చెట్టు అయిపోతే ఇంటికి పోదామనుకున్నప్పుడు. చెట్టుకింత అని ఒప్పుకున్నావంటే తాడు కట్టే ప్రతి నిమిషమూ నీ జేబులోంచి పోయినట్టే తోస్తుంది. అందుకని దినకూలికే పో. తాడు కట్టుకునే పొద్దు కూడా కూలిలోకి రావాలి. గుత్తదారు గొణుగుతాడు, గొణగనీ.

ఇక చెట్టు సంగతి. చింతకొమ్మ గట్టిది, బరువు మోస్తుంది. ఆ ధీమాతోనే కాయ ఉన్న చివరి దాకా నడిచిపోతారు. చివర్లకు నువ్వెందుకు? దోటి పొడుగ్గా ఉన్నది అందుకే గదా. వేపను మాత్రం నమ్మొద్దు. 2021లో వేపలకు చివళ్లు మాడిపోయే తెగులు పట్టింది గుర్తుందా? ఆ తర్వాత చిగిరించి పచ్చగా కనబడుతున్న చెట్లలో కూడా నడుమ ఎండుకొమ్మలు ఉండిపోతాయి. బెరడు ఊడదు గనక బతికే ఉందనిపిస్తుంది. కాలు మోపే ముందు మచ్చుకత్తి వీపుతో కొట్టి విను. డొల్లగా మోగితే దాని జోలికి పోవద్దు. మునగచెట్టంటావా, ఎవరెంత పొగిడినా ఎక్కొద్దు!

ఎక్కేముందు కింద నిలబడి చుట్టూ తిరిగి చూడు. తేనెపట్టు, ఎర్రచీమల గూడు, పైన తీగ. తేనెటీగలు లేస్తే మనిషి తాడు సంగతి మరిచి చేతులు వదిలేస్తాడు. రామగిరి గాలిమరలు గిర్రున తిరిగే ఆషాఢపు గాలిలో, వాన పడి బెరడు జారుతున్నప్పుడు, ఎంత కూలిచ్చినా ఆరోజు సెలవే.

తాడు విషయం జాగ్రత్తగా విను. తెలంగాణలో గీత కార్మికుల కోసం 2024 జూలై 14న లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం కిట్లు పంచారు. కాలు జారినా కిందికి పోకుండా పట్టి ఆపే సరంజామా అది. అయితే తాటిచెట్టుది ఒకటే మాను. మనది కొమ్మ మీంచి కొమ్మకు మారే పని, ప్రాణం పోయేది ఆ మారేటప్పుడే. అందుకని రెండు తాళ్లుండాలి. రెండోది పై కొమ్మకు బిగిశాకే మొదటిది విప్పు. తాడు నడుముకంటే ఎత్తున, పచ్చికొమ్మ పంగలో వేయి. ఉత్త నడుంబెల్టు కట్టుకుంటే జారినప్పుడు వెన్నే విరుగుతుంది, తొడలకు, భుజాలకు పట్టీలున్న హార్నెస్ కావాలి. కత్తి నోట కరుచుకుని ఎక్కే వీరులు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. నువ్వు సన్నతాడుతో తర్వాత పైకి లాక్కో.

పెద్ద కొమ్మను పైనుంచి ఒక్కపెట్టున కోశావంటే సగంలో చీలి, బెరడుతో వేలాడి, ఊగొచ్చి నిన్నే కొడుతుంది. ముందు కింది నుంచి మూడోవంతు గంటు పెట్టు. దానికి బెత్తెడు అవతల, అంటే చివరి వైపు, పైనుంచి రంపం వేయి. కొమ్మ శుభ్రంగా విరిగి పడుతుంది. మిగిలిన మొద్దును తర్వాత మానుకు దగ్గరగా కోసుకోవచ్చు. ఎప్పుడూ మాను వైపే ఉండు.

పదకొండు కేవీ తీగ దగ్గరైతే లైన్‌మన్ ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఎర్తింగు వేసి, తానే చెట్టు కింద నిలబడితేనే ఎక్కు. "కరెంటు తీసేశార్లే" అని ఎవడో చెప్పిన మాట చాలదు. పచ్చికొమ్మ, తడిసిన వెదురుదోటి రెండూ షాక్ కొడతాయి.

కింద ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి, కొమ్మ పడే జాగాకు దూరంగా. నువ్వు హార్నెస్‌లో వేలాడిపోతే తొందరగా దించాలి, ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి అదే ప్రాణం మీదికొస్తుంది. పడిన మనిషిని మాత్రం మనోళ్లు చేసేట్టు చంకలు పట్టి లేపి, నీళ్లు తాగించి, మోటర్‌సైకిల్ మీద కూర్చోబెట్టకూడదు. వెన్నుపూస కదిలితే కాళ్లు రెండూ పోతాయి. కదలనీయకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ మాట నీతో వచ్చే వాళ్లకు కూడా చెప్పు, పడినప్పుడు నువ్వు చెప్పలేవు.

బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టు. ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మనిషి పోతే 2 లక్షలు ఇస్తారు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, ఖాతాలో ఆ 20 లేక ఆగిపోయినోళ్లు ఎందరో. నామినీగా మీ అమ్మ పేరు రాయి.

గుత్తదారు ఈ వారంలో వస్తాడంటున్నావు గదా, వచ్చినప్పుడు నన్ను పిలువు. కూలి బేరం నేను మాట్లాడతా. హార్నెస్ ఖర్చు ఎవరిదో కూడా ఆ రోజే తేల్చుకుందాం.