అరుంధతి కనిపించిందా?

మా పెళ్లి మామిడితోటలో, రాత్రి ముహూర్తానికి జరిగింది. కల్యాణమండపాల్లో పైకప్పును చూపించే తంతు ఇక్కడ నిజంగానే ఆకాశం కింద నడిచింది. పురోహితుడు చెప్పినవైపు అతను వేలు చూపించాడు. సప్తర్షుల్లో వశిష్ఠుడు మసకగా కనిపించాడు. పక్కనున్న చిన్న చుక్క మాత్రం, హోమం పొగకో, ఫొటోల కోసం నా కళ్లజోడు తీయించినందుకో, కనిపించలేదు. "కనిపించిందా అమ్మా?" "కనిపించింది" అన్నాను.

వేదాంతంలో అరుంధతీ న్యాయం అని ఒకటుంది. సూక్ష్మమైనదాన్ని చూపడానికి ముందు దాని పక్కనున్న పెద్దదాన్ని చూపి, తర్వాత 'అది కాదు, ఇది' అనడం. మూడోనాడు సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లకి అత్తగారు నన్ను "మావాడి భార్య" అని చూపించారు. ఆ రెండో మెట్టు ఎవరూ ఎక్కలేదు.

వారమంతా "ఎలా ఉందమ్మా?" అన్నారు. "బావుంది" అన్నాను. అబద్ధం కాదు, అతను మంచివాడే. కానీ చూసి చెప్పిన మాటా కాదు. చూడకుండా అన్న 'ఊ'ని సమ్మతి అనొచ్చా? 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుంది. చట్టానికి అడుగులు చాలు.

పదహారు రోజుల పండగ రాత్రి కళ్లజోడు పెట్టుకుని డాబా ఎక్కాను. అతనూ వచ్చాడు. నిజం చెప్పేశాను.

"నాకూ కనపడలేదు," అన్నాడు. "ఆయన చూపమన్నవైపు చూపించాను."