పండరి బాటలో తోటివారు

ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరిపురం చేరుకునేలా మహారాష్ట్ర పల్లెల నుంచి భక్తులు సాగించే పాదయాత్రే వారీ. అందులో పేరెన్నికగన్న పల్లకీలు రెండు. ఆళంది నుంచి భక్తకవి జ్ఞానేశ్వరుడి పాదుకలు, దేహూ నుంచి మరో భక్తకవి తుకారాం పాదుకలు బయలుదేరుతాయి. ఆళంది దారి సుమారు 250 కిలోమీటర్లు, మూడు వారాల నడక. పండరిపురంలో కొలువైన పాండురంగడు తెలుగువారికి తెనాలి రామకృష్ణుడి కావ్యం నాటి నుంచీ తెలిసినవాడే. అయితే ఆయన దగ్గరికి వెళ్లే దారి ఒక ప్రశ్నను ముందుకు తెస్తుంది: దైవదర్శనానికి బయలుదేరినవారికి తోటి బాటసారితో ఏం పని?

వారీలో నడిచే భక్తులైన వార్కరీలు దీనికి తమ ఆచారంతోనే బదులిస్తారు. ఇద్దరు ఎదురుపడితే చిన్నా పెద్దా చూడకుండా ఒకరి పాదాలకు ఒకరు మొక్కుతారు. జ్ఞానేశ్వరుణ్ణి తల్లిగా తలచి ‘మావులీ’ అంటారు. పక్కన నడిచే ముక్కూమొహం తెలియని మనిషినీ అదే పేరుతో పిలుస్తారు. ఆ లెక్కన దర్శనం మొదటి రోజే మొదలైనట్టు. ఏకాదశినాడు గర్భగుడి దాకా వెళ్లలేక, శిఖర కలశానికి దండం పెట్టి, గుడి ద్వారం దగ్గరి నామదేవుడి మెట్టును తాకి తిరిగి వెళ్లేవారు లెక్కలేనంతమంది. తమ యాత్ర వెలితిగా మిగిలిందని వారు అనుకోరు.

ఈ స్నేహం గాలివాటున పుట్టేది కాదు. నడిచేవారు దిండీలు అనే బృందాలుగా ఉంటారు. ప్రతి దిండీకీ పల్లకీ రథానికి ముందో వెనకో ఒక వరుస సంఖ్య, ఒక వీణాధారి, తాళాలు, మృదంగం, తలపై తులసికోట మోసే స్త్రీలు ఉంటారు. సామాన్ల లారీ ముందే మజిలీకి చేరి వంట మొదలుపెడుతుంది. సాయంత్రం పల్లకీ ఆగాక సమాజ ఆరతికి అందరూ గుమిగూడతారు. దండధారి అయిన చోప్‌దారు తన దండం పైకెత్తగానే వేల తాళాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఫిర్యాదున్న దిండీ మాత్రం తాళం వాయిస్తూనే ఉంటుంది. అక్కడికి వెళ్లి విషయం విని, తగవు తీర్చాకే ఆరతి. కలిసి నడిచేవారి మధ్య తగవులు వస్తాయని ఒప్పుకుని, వాటికి పూజలోనే చోటిచ్చిన ఏర్పాటిది. పైగా వార్కరీ అయినవాడు ఏటా రావాలి. నిరుడు కాళ్లకు నూనె రాసిన మనిషే ఈ ఏడూ అదే వరుసలో కలుస్తాడు. రైలు పరిచయానికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

యాత్రలో హోదాలు కరిగి మనుషులు సమానులవుతారన్న భావనకు మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్ ‘కమ్యూనిటాస్’ అని పేరుపెట్టి, పండరి యాత్రనూ ఉదాహరణగా తీసుకున్నాడు. అంతకుముందే ఆ దారిన నడిచిన మరో మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే చూసింది ఇంకాస్త చేదు నిజం. దిండీలు చాలావరకు కులాలవారీగా విడిపోయి ఉన్నాయి. ఒకే దిండీలో కూడా బ్రాహ్మణ స్త్రీల వంట వేరు, మరాఠా స్త్రీల వంట వేరు. పాటలో కలిసిన గొంతులు భోజనం దగ్గర విడిపోవడం ఆమెను బాధించింది. ఆమె మరాఠా స్త్రీలతో కలిసి తిన్నాక వారి చనువు పెరిగింది, ‘తాయీ’ (అక్కా) అని పిలవసాగారు. పాదాలకు మొక్కడం కంటే పక్కన కూర్చుని తినడమే గట్టి పరీక్ష అని ఈ అనుభవం చెబుతుంది. టర్నర్ సూత్రం కంటే కర్వే బాధకే ఇక్కడ ఎక్కువ బరువుంది.

ఆ పరీక్షకు పండరిపురం శతాబ్దాలపాటు నిలవలేదు. మహర్ కులంలో పుట్టిన 14వ శతాబ్దపు భక్తకవి చోఖామేళా సమాధి గుడి మహాద్వారం మెట్ల కిందే ఉంది. ఆయన అభంగాలను వారీ అంతా పాడుతూ వచ్చింది. ఆయన కులంవారికి మాత్రం గుడి తలుపు తెరుచుకోలేదు. సంఘసంస్కర్త సానే గురూజీ 1947 మేలో నిరాహారదీక్ష చేశాకే దళితులకు ప్రవేశం దొరికింది.

ఆషాఢ పౌర్ణమినాడు గోపాళపురంలో జరిగే గోపాలకాలాతో వారీ ముగుస్తుంది. అటుకులు, పెరుగు కలిపిన ప్రసాదాన్ని భక్తులు ఒకరి నోటికి ఒకరు అందిస్తారు. ఆపై పల్లకీలు కొద్దిమందితో కాలినడకనే వెనుదిరుగుతాయి. మిగతావారు బస్సులు, రైళ్లు పట్టుకుని పొలం పనులకు వెళ్లిపోతారు.